గర్భిణులు చేపలు మానేయాలా? పాదరసం సంగతేమిటి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. బరువు 60 కిలోలు. ఇప్పుడు మూడో నెల. వారానికి మూడుసార్లు చేపలు తినే అలవాటుంది. చేపల్లో పాదరసం, క్యాడ్మియం లాంటి విష లోహాలు ఉంటాయని, బిడ్డకు మంచిది కాదని అంటున్నారు. పూర్తిగా మానేయాలా? ఉప్పు, నిమ్మరసంలో నానబెట్టి కడిగితే పోతాయా? పరీక్షలేమైనా చేయించుకోవాలా?

జవాబు: మానకండి. ఏ చేప తింటున్నారో మాత్రం చూసుకోండి. బిడ్డ మెదడు ఎదగడానికి కావాల్సిన డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు, అయోడిన్, మంచి ప్రొటీన్లు చేపల్లో ఉంటాయి. భయంతో మొత్తానికే మానేస్తే ఆ నష్టమూ బిడ్డకే.

అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సింది పాదరసాన్ని. నీళ్లలో చేరిన పాదరసాన్ని అడుగు బురదలోని బ్యాక్టీరియా మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది నాచులోకి, అక్కణ్నుంచి చిన్న చేపల్లోకి, వాటిని తినే పెద్ద చేపల్లోకి పోతూ మెట్టుమెట్టుకూ పోగుపడుతుంది. అందుకే తోటి చేపల్ని వేటాడుతూ చాలా ఏళ్లు బతికే సొర, స్వోర్డ్‌ఫిష్, మార్లిన్, కింగ్ మాకెరెల్, బిగ్‌ఐ ట్యూనాల్లో ఇది ఎక్కువ. బిడ్డ పాలు మానేదాకా వీటి జోలికి వెళ్లొద్దు. కవళ్లు, నెత్తళ్లు, సాల్మన్, తిలాపియాల్లో బాగా తక్కువ.

లెక్క చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ కడుపులోని బిడ్డను దృష్టిలో పెట్టుకుని 2003లో ఒక పరిమితి పెట్టింది: శరీర బరువులో కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ మెర్క్యురీ. మీకైతే వారానికి 96 మైక్రోగ్రాములు. కిలోకు 1 మిల్లీగ్రాము ఉన్న సొరచేప 100 గ్రాములు తింటే చాలు, వారం కోటా దాటిపోతుంది. కిలోకు 0.05 మిల్లీగ్రాములే ఉన్న చిన్న చేపలైతే దాదాపు 1.9 కిలోలు తింటే గానీ అంత చేరదు. కాబట్టి తక్కువ పాదరసం ఉన్న రకాలు వారానికి రెండు మూడుసార్లు, పూటకు 100 గ్రాములకు కాస్త అటూఇటూగా నిశ్చింతగా తినండి.

కడిగినా, నానబెట్టినా, వేయించినా పాదరసం పోదు. అది కండలోని ప్రొటీన్లనే అంటిపెట్టుకుని ఉంటుంది. పైగా వేపుడులో నీరు ఇగిరిపోతుంది కనుక గ్రాముకు లెక్కేస్తే ఇంకాస్త పెరుగుతుంది కూడా. చర్మం తీసేసినా ఇదే కథ. క్యాడ్మియం విషయంలో మాత్రం శుభ్రం చేయడం నిజంగా పనికొస్తుంది. అది చేపల కాలేయం, మూత్రపిండాల్లోనూ, పీత డొప్పలోని గోధుమరంగు మెత్తటి భాగంలోనూ చేరుతుంది. వాటిని తీసి పారేయండి. మన కిడ్నీల్లో చేరిన క్యాడ్మియం పదేళ్లు దాటినా పోదు. ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసే నీళ్లలో పట్టిన చేపలు, చిన్నవైనా సరే, వద్దు.

పరీక్ష అందరికీ అక్కర్లేదు. పైన చెప్పిన పెద్ద చేపలు తరచూ తిని ఉంటేనే రక్తంలో పాదరసం చూపించుకోండి. మూత్ర పరీక్షతో ఇది సరిగా తేలదు, మిథైల్ మెర్క్యురీ ఎక్కువగా మలం ద్వారా పోతుంది. ఎవరైనా ఆర్సెనిక్ పరీక్ష కూడా రాస్తే, ముందు ఐదు రోజులు చేపలు, రొయ్యలు మానండి. వాటిలోని ఆర్సెనిక్ చాలావరకు ఆర్సెనోబీటైన్ అనే హాని చేయని రూపంలో ఉంటుంది. అది కూడా లెక్కలో కలిసి రిపోర్టు అనవసరంగా భయపెడుతుంది.

చేతివేళ్లలో, పెదవుల చుట్టూ తిమ్మిర్లు, పక్కచూపు తగ్గడం, నడకలో తూలడం ఉంటే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవండి. అయితే లక్షణాలు కనిపించేదాకా ఆగితే కుదరదు. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేరిన చేపలు తిని జనం జబ్బుపడ్డ జపాన్‌లోని మినమాటా ఉదంతం 1956లో బయటపడింది. అందులో పెద్దగా లక్షణాలే లేని తల్లులకు మెదడు తీవ్రంగా దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు.

రక్తంలో పాదరసం ఎక్కువని తేలితే ఆ రకం చేపలు ఆపేయండి. సుమారు 50 రోజులకు సగానికి తగ్గుతుంది, మూడు నెలలకు మళ్లీ పరీక్షించుకోవచ్చు. డీటాక్స్ పేరుతో కీలేషన్ మందులు (ఒంట్లోని లోహాలను పట్టి బయటకు పంపేవి) మాత్రం తీసుకోకండి. మిథైల్ మెర్క్యురీ వల్ల మెదడుకు జరిగే హానిని అవి ఆపుతాయన్న ఆధారం లేదు, పైగా ఒంట్లోని జింక్, కాల్షియం లాంటి అవసరమైన ఖనిజాలనూ లాగేస్తాయి.