థర్మోడ్ చేతికి కట్టే ముందు

చి. శ్రావణికి,

ఆశీస్సులు.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందని రాశావు, సంతోషం. షుగరు వల్ల పాదాల నరాలు దెబ్బతిన్నవాళ్ళలో వేడి, చలి, నొప్పి ఏ డిగ్రీ దగ్గర తెలుస్తున్నాయో కొలవాలి, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగావు. థర్మోడ్ (చర్మానికి కట్టి మెల్లగా వేడెక్కించే, చల్లబరిచే పలక) ఉన్న యంత్రం నడపడం మాన్యువల్లో ఉంటుంది, అందులో ఉండనివి రాస్తాను. ముందు ఒక్కటి గుర్తుంచుకో. ఆ యంత్రం నొప్పిని కొలవదు. మనిషి బటన్ నొక్కిన క్షణాన పలక ఎన్ని డిగ్రీలుందో రాసిపెడుతుంది, అంతే. ఆ అంకె వెనక చర్మం ఉంది, నరం ఉంది, నువ్వు చెప్పిన మాట ఉంది, పక్కనున్నవాళ్ళ ముందు బింకం ఉంది. నొప్పి కానివన్నీ అందరికీ ఒకేలా ఉండేట్టు చూసుకోవడమే నీ పని.

గదితో మొదలుపెట్టు. మన పేషెంట్లలో చాలామంది విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి దిగువ స్టాపు, కేజీహెచ్ డౌన్‌లో దిగి ఆ ఎత్తెక్కి వస్తారు. మే నెల ఉక్కలో చొక్కా తడిసిన మనిషిని నేరుగా కుర్చీలో కూర్చోబెట్టి పలక కట్టేస్తే వచ్చేది చెమట లెక్క. ఏసీ 24 దగ్గర ఉంచి 20 నిమిషాలు ఊరికే కూర్చోనివ్వు. పాదాలకి ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు. పరీక్ష చేసే చోటుని పొడిగుడ్డతో అద్దు. స్పిరిట్ దూది వద్దు, అది ఆరుతూ చర్మాన్ని చల్లబరుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చర్మం ఎన్ని డిగ్రీలుందో చూసి ఫారంలో రాసుకో. చివర్లో ఎవరి అంకె తేడాగా వచ్చినా మొదట చూడాల్సిన గడి అదే.

మన ఊళ్ళో ఇంకో చిక్కుంది. చలి నొప్పి పరీక్షలో పలక 10, 15 డిగ్రీలకు దిగేసరికి ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు అంచుల్లో నీళ్ళు పడతాయి. పలకకీ చర్మానికీ మధ్య ఆ తడి చేరితే వేడి అందే తీరు మారిపోతుంది. పైగా తడి తగలగానే మనిషి చలి అనుకుని నొక్కేస్తాడు. ప్రతి చలి పరీక్ష తర్వాత పలక తీసి తుడువు. ఏసీ ఆగిపోయిన రోజున చలి పరీక్షలు పెట్టుకోకు.

ఇక అంకెలు. 3 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు పలక, మొదలు 32 డిగ్రీలు, సెకనుకి 1 డిగ్రీ వేగం, పైహద్దు 50, కిందిహద్దు 0. జర్మనీ నరాల నొప్పి పరిశోధన బృందం పద్ధతి కూడా దాదాపు ఇదే, కాబట్టి నీ అంకెల్ని పోల్చుకోవడానికి వీలుంటుంది. టైము ఆదా అవుతుందని వేగం మాత్రం పెంచకు. వెచ్చదనాన్ని మోసేవి సన్నని సి నరాలు, సెకనుకి సుమారు ఒక మీటరు నడుస్తాయి. పాదం నుంచి వెన్నుపాము దాకా మీటరు దూరం. అంటే పాదానికి తగిలిన వెచ్చదనం తెలిసి వేలు కదిలేలోపు ఒక సెకను పైనే పోతుంది. సెకనుకి 1 డిగ్రీ అయితే నీ అంకె ఒక డిగ్రీ చిల్లర ఎక్కువ వస్తుంది. 4 డిగ్రీల వేగం పెడితే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ వస్తుంది. అప్పుడు పొడుగు కాళ్ళవాళ్ళకీ, చెయ్యి కదలడం నెమ్మదైన ముసలివాళ్ళకీ నరాలు చెడిపోయినట్టు కనిపిస్తుంది. చల్లదనం ఎ-డెల్టా నరాల్లో అంతకన్నా చాలా వేగంగా వెళ్తుంది కనక అక్కడ ఈ బాధ తక్కువ.

పైహద్దు దగ్గర జాగ్రత్త. 44 డిగ్రీల దగ్గర చర్మం కాలడానికి దాదాపు 6 గంటలు పడుతుందనీ, అక్కణ్ణుంచి 51 దాకా ఒక్కో డిగ్రీకి ఆ సమయం సగమవుతుందనీ 1947లోనే మోరిట్జ్, హెన్రిక్స్ చూపించారు. 50ని తాకి వెంటనే 32కి దిగిపోతే భయం లేదు. 50 దగ్గర నిలిచిపోతే మాత్రం ప్రమాదమే. నీ పేషెంట్లలో సగం మందికి పాదం తిమ్మిరెక్కి ఉంటుంది, కాలుతున్నా చెప్పరు. అందుకని ప్రతి పరీక్ష తర్వాత పలక ఎత్తి చర్మం ఎర్రబడిందేమో కళ్ళతో చూడు. పుండు ఉన్న పాదాన్ని ముట్టుకోనే వద్దు. పలక ఉష్ణోగ్రత యంత్రం తెర మీద చూసి నమ్మేయకు. నెలకోసారి ఉష్ణోగ్రత కొలిచే సన్నని థర్మోకపుల్ తీగని పలకకీ చర్మానికీ మధ్య పెట్టి 32, 40, 45 దగ్గర సరిచూడు. ఆ తీగ సరిగ్గా ఉందో లేదో ముందు మంచుముక్కల నీళ్ళలో ముంచి చూసుకో, సున్నా చూపించాలి. గదికి యూపీఎస్ తప్పనిసరి. పరీక్ష మధ్యలో కరెంటు పోతే ఆ చోటు కొలతలన్నీ కొట్టేసి మళ్ళీ తియ్యి.

అందరూ తేలిగ్గా తీసుకునేది చెప్పే మాట. కార్డు మీద రాసి లామినేట్ చేయించు, ప్రతిసారీ చూసి చదువు. ఇలా ఉంటే బాగుంటుంది:

“ఈ పలక మెల్లగా వేడెక్కుతుంది. మొదట వెచ్చగా, తర్వాత వేడిగా ఉంటుంది. ఆ వేడికి తోడు చురుకో, మంటో, పోటో తగలడం మొదలవగానే బటన్ నొక్కండి. మీరు ఎంత ఓర్చుకోగలరో చూసే పరీక్ష కాదిది. నొక్కగానే పలక చల్లబడుతుంది.”

చివరి రెండు వాక్యాలు వదిలేశావంటే సగం మంది మగవాళ్ళు పళ్ళు బిగబట్టి 48 దాకా పోతారు. నువ్వు కొలవాల్సింది నొప్పి మొదలయ్యే చోటు, వాళ్ళు ఇచ్చేది ఓర్పుకి హద్దు. ఆ రెండూ ఒకే కాలమ్‌లో పడితే ఇక విడదీయలేవు. “ఇంకొంచెం”, “బాగా చేశారు” లాంటి మాటలు నోట రానివ్వకు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళకీ, పాడేరు నుంచి వచ్చినవాళ్ళకీ కార్డులో మాటలు తెలుస్తున్నాయో లేదో ముందు పైలట్‌లోనే చూసుకుని సరిచెయ్యి. అసలు స్టడీ మొదలయ్యాక ఒక్క అక్షరం మార్చకు.

వెంట వచ్చినవాళ్ళని బయట కూర్చోబెట్టు. అత్తగారు పక్కనుంటే కోడలు నొక్కదు, “ఆమాత్రం ఓర్చుకోలేవా” అని బావమరిది అన్నాడంటే ఆ రోజుకి అంతే. పరీక్ష చేసేది ఆడమనిషయితే మగవాళ్ళు నొప్పి తక్కువ చెప్తారని ప్రయోగాల్లో తేలింది కూడా. కాబట్టి అందరికీ నువ్వే చెయ్యి, లేదా ఎవరు చేశారో ప్రతి ఫారంలో రాయి. ఇంకోటి, ఓపీకి వచ్చినవాళ్ళకి డాక్టరమ్మ మాట కాదనడం రాదు. వద్దంటే వైద్యం ఆగదని సంతకానికి ముందు ఒకసారి, పలక కట్టే ముందు ఒకసారి నోటితో చెప్పు.

వరస ఇది: ముందు చల్లదనం తెలిసే డిగ్రీ, తర్వాత వెచ్చదనం, తర్వాత రెండూ మార్చి మార్చి, ఆపైన చలి నొప్పి, అన్నిటికన్నా చివర వేడి నొప్పి. నొప్పి ముందు పెడితే ఆ చోటు రేగి, తర్వాతి కొలతలన్నీ పక్కకి జరుగుతాయి. మార్చి మార్చి చేసేటప్పుడు ప్రతిసారీ “వేడా, చల్లనా?” అని అడుగు. నరాలు చెడ్డవాళ్ళు కొందరు పలక చల్లబడుతుంటే వేడి అంటారు. అది పొరపాటని దిద్దకు, లెక్కపెట్టి రాసుకో, అదీ ఒక ఫలితమే. అసలు కొలతకి ముందు మోచేతి లోపలివైపు ఒకసారి అలవాటు కోసం చేయించి ఆ అంకె పారెయ్యి. ఆపైన చోటుకి మూడు కొలతలు, వాటి సగటు. నొప్పి కొలతల మధ్య కనీసం 10 సెకన్లు ఆగాలి, 20 నుంచి 30 ఆగితే ఇంకా నయం. ఆ విరామం ప్రతిసారీ ఒకేలా ఉంటే మనసులో లెక్కపెట్టుకుని నొక్కేస్తారు, అటూ ఇటూ మార్చు. తెర వాళ్ళకి కనపడకూడదు, మౌస్ క్లిక్ వినపడకూడదు. మూడు అంకెల మధ్య రెండు మూడు డిగ్రీల తేడా వచ్చిందంటే కార్డు అర్థం కాలేదన్నమాట. మళ్ళీ చదివి మళ్ళీ చెయ్యి.

నొప్పి ఎంతుందో చెప్పించేటప్పుడు సున్నా నుంచి నూరు గీత కొందరికి ఎక్కదు. “రూపాయికి ఎన్ని పైసలు నొప్పి?” అని అడిగితే అరవై ఏళ్ళ ముసలమ్మ కూడా టక్కున అర్ధరూపాయి అంటుంది, నీకు 50 వచ్చినట్టే. రూపాయి అంటే ఊహకందే అతి పెద్ద నొప్పి అని ముందే చెప్పు. అయితే అందరికీ అదే వాడు. కొందరికి గీత, కొందరికి రూపాయి అంటే కుదరదు.

ఎవర్ని తీసుకోకూడదో పుస్తకాల్లో ఉంటుంది, మన ఇళ్ళ సంగతి ఉండదు. ఆవకాయ కాలంలో మూడు రోజులుగా కారం కలిపిన చేతికి వేడి పరీక్ష పెట్టకు. మిరపలోని క్యాప్సైసిన్ పట్టే టీఆర్‌పీవీ1 గ్రాహకమే సుమారు 43 డిగ్రీల వేడికీ తెరుచుకుంటుంది. ఆ రెండూ ఒకే తలుపని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. కారం అంటిన చర్మానికి ఆ హద్దు ఇంకా కిందికి దిగి గోరువెచ్చనే మంటగా తగులుతుంది. మెంథాల్ ఉన్న నొప్పి బామ్‌లు చలి కొలతని ఇలాగే చెడగొడతాయి. ఎండకి కమిలిన చర్మమూ అంతే, ఆదివారమంతా ఆర్కే బీచ్‌లో గడిపి వచ్చినవాళ్ళని వారం ఆగి రమ్మను. కాయలు కాసిన అరచేతుల మీద పలక పెట్టకు, మోచేతి లోపలివైపు లేదా అరచేతి వెనక పెట్టు. నొప్పి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో, రాత్రి నిద్రపోయారో లేదో, నైట్ డ్యూటీ నుంచి వచ్చారేమో అడిగి రాయి. డాక్టరు రాసిన ప్రీగాబలిన్ లాంటి నరాల నొప్పి మందులు పరీక్ష కోసం ఆపించకు, మోతాదు రాసుకుంటే చాలు.

చన్నీళ్ళలో చెయ్యి పెట్టించే పరీక్ష కూడా పెడతానన్నావు. నీళ్ళు కదలకపోతే చేతి చుట్టూ ఒక వెచ్చని పొర తయారై నిమిషానికే బాధ తగ్గిపోతుంది. అక్వేరియం పంపు చిన్నది ఒకటి వేసి నీళ్ళు తిరిగేట్టు చెయ్యి. మంచుముక్కలు చేతికి తగలకుండా మధ్యలో చిల్లుల ప్లాస్టిక్ బుట్ట ఉంచు. నీళ్ళ ఉష్ణోగ్రత ప్రతి మనిషికీ ముందూ వెనకా చూడు. 3 నిమిషాలకి ఆపెయ్యి, ఆ సంగతి వాళ్ళకి ముందు చెప్పకు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళకి ఇది వద్దే వద్దు. మధుమేహం వాళ్ళు కనక ఈసీజీ చూడకుండా ఎవరినీ కూర్చోబెట్టకు.

సూదిమొన పోట్లు, కంపనం తెలుస్తోందో చూసే శృతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) సంగతి నీకు తెలిసిందే. 64 హెర్ట్జ్ శృతిదండాన్ని ఎముక మీదే ఆనించాలి, కండ మీద కాదు.

కంట్రోళ్ళ (పోల్చడానికి తీసుకునే ఆరోగ్యవంతుల) కోసం పేషెంట్ల వెంట వచ్చిన బంధువుల్ని తీసుకుంటానన్నావు, తీసుకో. కానీ వాళ్ళలో తమకి షుగరున్నట్టు తెలియనివాళ్ళు చాలామంది ఉంటారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చూపే రక్తపరీక్ష), 10 గ్రాముల మోనోఫిలమెంట్ (పాదానికి స్పర్శ తెలుస్తోందో చూసే నైలాన్ పోగు) రెండూ చూశాకే జాబితాలో వెయ్యి. పైన చెప్పిన జర్మనీ బృందం తరఫున రోల్కె మొదలైనవాళ్ళు 2006లో 180 మంది ఆరోగ్యవంతులతో ఇచ్చిన ప్రామాణికాలు జర్మన్లవి. పోల్చి చూడటానికి పనికొస్తాయి, నీ పేషెంటుకి నరం చెడిందని తేల్చడానికి సరిపోవు. వయసు, ఆడా మగా, శరీరంలో చోటు, ఈ మూడూ కలిసిన మన కంట్రోళ్ళ సగటు నుంచే జెడ్ స్కోరు (సగటుకి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) కట్టు. వేడి నొప్పి, చలి నొప్పి కొలతలు ఉన్నవి ఉన్నట్టే వాడొచ్చు. చల్లదనం, వెచ్చదనం తెలిసే కొలతల్ని 32 నుంచి తేడాగా మార్చి లాగరిథమ్ తీసుకుంటేనే అంకెలు గంట ఆకారపు (నార్మల్) వంపులో సరిగా కూర్చుంటాయి.

50 దాకా పోయినా నొక్కనివాళ్ళ గడిలో ఊరికే 50 అని వేసి సగటు కట్టేస్తారు చాలామంది. వాళ్ళకి నొప్పి 50 దగ్గర మొదలైందని కాదు, 50లోపు మొదలవలేదని. పక్కన ‘హద్దు దాటింది’ అని ఇంకో కాలమ్ పెట్టి 1 వెయ్యి, స్టాటిస్టీషియన్‌తో ముందే మాట్లాడి సెన్సార్డ్ డేటాగా (అసలు విలువ హద్దుకి అవతల ఉందని మాత్రమే తెలిసిన అంకెలుగా) లెక్క కట్టించు. మొదటి పదిమంది షీట్ తయారవగానే పంపు. ఆ కాలమూ, చర్మం ఉష్ణోగ్రత కాలమూ పక్కపక్కన పెట్టి పంపు, ముందు అవే చూస్తాను.

ఇట్లు,
మీ మాస్టారు