మొలవని తంగేడు గింజ, నిలవని వంగ పిందె

ప్రశ్న: మాది హోసకోటె తాలూకా. అరెకరంలో వంగ వేశాను. పూత బాగానే ఉన్నా కాయ నిలవడం లేదు. తేనెటీగలు, తుమ్మెదలు తగ్గాయేమోనని గట్టు మీద తంగేడు పెంచాలనుకున్నాను. నిరుడు రోడ్డు పక్కన కాయలు ఏరి గింజలు చల్లితే పిడికెడుకు నాలుగు మొక్కలు కూడా రాలేదు. గింజ చెడిపోయిందా? నర్సరీలో పసుపు పూల మొక్కలు కొనమంటారా?
– ఒక రైతు, బెంగళూరు గ్రామీణ జిల్లా

జవాబు: గింజ చెడిపోయి ఉండకపోవచ్చు. తంగేడు గింజకు పైపొట్టు చాలా గట్టిది, నీటిని లోపలికి పోనివ్వదు. బయట పడి ఉన్న గింజ ఎండకు ఎండి, వానకు తడిసి, పొట్టు మెత్తబడ్డాకే మొలుస్తుంది. అందుకే నిరుడు మీరు చల్లినవాటిలో కొన్ని ఈ వానలకు లేచినా లేవొచ్చు. ఆ గట్టును ఇప్పుడే తవ్వేయకండి.

ఈసారి గింజను సిద్ధం చేసి వేయండి. కాయ చెట్టు మీదే గోధుమరంగుకు తిరిగి, నలిపితే పెళుసుగా విరిగే దశలో కోయాలి. చిల్లు పడ్డ గింజల్ని పక్కన పారేయండి, వాటిని పురుగు తినేసి ఉంటుంది. గింజలు కొద్దిగానే ఉంటే రెండు సాండ్‌పేపర్ ముక్కల మధ్య వేసి, పైనున్న నిగనిగ పోయి మసకబారేదాకా రుద్దండి. లోపలి పప్పు కనబడేంత రుద్దొద్దు. ఎక్కువుంటే గింజ కొలతకు పది రెట్లు నీళ్లు మరగబెట్టి, పొయ్యి దించాక అందులో గింజలు పోసి, అదే నీటిలో రాత్రంతా వదిలేయండి. పొయ్యి మీద ఉండగానే వేస్తే ఉడికిపోతాయి. తెల్లారి చూస్తే కొన్ని ఉబ్బి ఉంటాయి, కొన్ని రాయిలా అలాగే ఉంటాయి. ఉబ్బినవే విత్తండి, మిగతావాటికి మళ్లీ అదే పని చేయండి. ఈ ఒక్క జాగ్రత్తతో మీ సమస్య చాలావరకు తీరుతుంది.

ఎర్రమట్టి, ఇసుక, కొద్దిగా చివికిన పశువుల ఎరువు కలిపిన పాలిథిన్ సంచుల్లో అర అంగుళం లోతున పెట్టండి. మేలో పడే జల్లులకు విత్తితే జూన్, జూలైలో గట్టు మీద నాటుకోవచ్చు. తల్లివేరు త్వరగా దిగుతుంది కాబట్టి మొక్కను సంచిలో ముదరనివ్వొద్దు. మొక్కకూ మొక్కకూ మూడు, నాలుగు అడుగులు చాలు. నీరు నిలిచే చోట పెట్టొద్దు. వేరు పట్టాక తంగేడుకు మన పోషణ పెద్దగా అక్కర్లేదు, పశువులూ అంతగా ముట్టవు. మొదటి ఏడాదే పూత ఆశించకండి.

వంగకు తంగేడు తోడు అనుకోవడం మంచి ఆలోచన. నాకు సంతోషం కలిగించింది కూడా. వంగ పువ్వులో పుప్పొడి తిత్తులు మిగతా పూలలా పగలవు, కొసన సన్నటి రంధ్రం మాత్రమే ఉంటుంది. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరిస్తే ఆ రంధ్రంలోంచి పుప్పొడి రాలుతుంది. తేనెపెట్టెల్లో పెంచే ఈగకు ఈ విద్య రాదు. తంగేడు పువ్వుదీ ఇదే అమరిక. అందుకే తంగేడు కోసం వచ్చే తుమ్మెదలు, నీలి చారల ఒంటరి ఈగలు వంగకూ టమాటాకూ పనికొస్తాయి. కాకపోతే తంగేడు పువ్వులో మకరందం ఉండదు, పుప్పొడే ఉంటుంది. ఆ లోటు తీర్చడానికి గట్టు మీద తానుగా మొలిచే తుమ్మి మొక్కల్ని కలుపని పీకేయకుండా ఉంచండి.

నర్సరీ మొక్కల సంగతికొస్తే, పసుపు పూలన్నీ తంగేడు కాదు. తంగేడుకు దగ్గరి చుట్టమైన ఒక విదేశీ చెట్టు బండీపుర అడవిలో విపరీతంగా పాకి అటవీశాఖకు తలనొప్పిగా మారింది. మీ దారి పక్కన దొరికే గింజకు మించింది లేదు.

ఇంకో మాట. పిందె నిలవకపోవడానికి ఈగలు లేకపోవడమే కారణం కాకపోవచ్చు. పది పూలు తెంపి చూడండి. కీలాగ్రం, అంటే పుప్పొడి అంటుకునే ఆడభాగం కొస, పుప్పొడి తిత్తుల గొట్టం దాటి బయటికి కనబడే పూలు, దాని అంచుకు సమంగా ఉండే పూలు కాయ కడతాయి. అది లోపలే పొట్టిగా ఉండిపోయిన పూలు మామూలుగానే రాలిపోతాయి. పొట్టివే ఎక్కువగా ఉంటే తంగేడు కన్నా ముందు ఎరువు, నీరు సరిచూసుకోవాలి.

కాయతొలిచే పురుగుకు ఉదయం పూట మందు కొట్టడం మానండి, పూలు తెరుచుకుని తుమ్మెదలు తిరిగేది అప్పుడే. వాడిన కొమ్మ కొసల్ని తుంచి కాల్చేయండి, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టండి. తప్పనిసరైతే సాయంత్రం చల్లండి. తంగేడు ఆకుల్ని పచ్చ గొంగళి పురుగులు తింటే మందు జోలికి పోవద్దు, అవి పసుపు సీతాకోకచిలుకల పిల్లలు. పందిరికి వాడి పాతబడ్డ వెదురు బొంగులు, ఎండు మొద్దులు పొయ్యిలో పెట్టకుండా గట్టు చివర నీడన వదిలేయండి. తుమ్మెద గూడు తొలుచుకునేది వాటిలోనే.