కొనేవాళ్లు చివర్లో తప్పుకున్నారు: తొమ్మిది లక్షలూ మనవేనా?

ప్రశ్న: ఒడిశాలోని బరంపురం లంజిపల్లిలో మా ఇల్లు 62 లక్షలకు బేరం కుదిరింది. అగ్రిమెంటు రోజున 2 లక్షలు బయానా, నెల తర్వాత ధరలో భాగమంటూ 7 లక్షలు బ్యాంకు ద్వారా ఇచ్చారు. గడువు మూడు నెలలు. ఇంకా తొమ్మిది రోజులుందనగా ఫోన్ చేసి, "బ్యాంకు 45 లక్షలు ఇస్తుందనుకున్నాం, 38 లక్షలే ఇస్తానంది, మావల్ల కాదు, మా 9 లక్షలు ఇచ్చేయండి" అన్నారు. వాళ్లను నమ్ముకుని విశాఖలో అబ్బాయి ఇంటి దగ్గర రెడీగా ఉన్న ఫ్లాటుకు మేం 6 లక్షలు కట్టేశాం. పైసా ఇవ్వక్కర్లేదని మధ్యవర్తి అంటున్నాడు. గొడవెందుకు, మొత్తం ఇచ్చేయమని అబ్బాయి అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మధ్యవర్తి చెప్పినట్టు చేస్తే ఇల్లు కోర్టులో ఇరుక్కోవచ్చు. అబ్బాయి చెప్పినట్టు చేస్తే నష్టమంతా మీ నెత్తినే పడుతుంది. ఈ 9 లక్షలను ఒకే మూటగా చూడకండి. చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు డబ్బులు.

బయానా అంటే మాట తప్పనని కొనేవాడు పెట్టే హామీ. తన తప్పు వల్ల బేరం చెడితే పోతుందని అగ్రిమెంటులో రాసి ఉంటే అది పోతుంది. 2012లో సతీశ్ బత్రా కేసులో 70 లక్షల బేరానికి ఇచ్చిన 7 లక్షల బయానాను అమ్మినవారు ఉంచుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ధరలో భాగంగా వచ్చిన డబ్బు సంగతి అలా కాదు. 1963 నాటి ఫతేచంద్ కేసు మీ లెక్కకు దగ్గరగా ఉంటుంది. అక్కడ 1,12,500 రూపాయల బేరంలో 25,000 ముట్టాయి. బయానాగా ఇచ్చిన 1,000 పోయింది. మిగతా 24,000 మాత్రం, నష్టం రుజువు కాలేదు కాబట్టి, అమ్మినవారు మింగేయడానికి కోర్టు ఒప్పుకోలేదు. కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ ఎంత రాసుకున్నా సమంజసమైన పరిహారమే ఇమ్మంటుంది.

మీ మధ్యవర్తి బహుశా 2025 మే నాటి తీర్పు గురించి విని ఉంటాడు. 55.50 లక్షల బేరంలో 20 లక్షల అడ్వాన్సు పోయిన మాట నిజమే. అయితే ఆ అగ్రిమెంటులో అమ్మేవాళ్లు తప్పితే రెట్టింపు ఇవ్వాలన్న షరతు కూడా ఉంది. పైగా కొన్నవాళ్లు డబ్బు వాపసు ఇప్పించమని కోర్టును సరిగా అడగనే లేదు. మీ కాగితంలో 7 లక్షల పక్కన "ధరలో భాగం" అని ఉంటే ఆ తీర్పు మీకు గొడుగు పట్టదు.

కాబట్టి ఇవాళే అగ్రిమెంటు తీసి మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. కాగితం ఒడియాలో ఉండి మీకు చదవడం రాకపోతే, తెలిసిన వకీలు చేత వాక్యం వాక్యం చదివించుకోండి. లేఖరి నోటిమాటగా చెప్పింది సరిపోదు. మొదట చూడాల్సింది జప్తు షరతు: అక్కడ "బయానా" అని ఉందా, "ఇచ్చిన సొమ్మంతా" అని ఉందా? రెండోది లోను షరతు. "బ్యాంకు లోను మంజూరైతేనే" అని ఎక్కడైనా ఉంటే తప్పు వాళ్లది కాదు, బయానా కూడా ఇవ్వాల్సిందే. మూడోది మీ బాధ్యతలు. ఇక్కడే చాలామంది అమ్మకందారులు దెబ్బతింటారు. పట్టా ఇంకా నాన్నగారి పేరునే ఉండడం, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) కాకపోవడం, పట్టాలో నేల కిసమ్ (రకం) ఘరబారి (ఇళ్ల స్థలం) కాకుండా సాగుభూమిగానే ఉండడం వంటి లోపాలుంటే బ్యాంకు లోను తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది. కిసమ్ మార్పు ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఏ కింద తహసీల్దారు దగ్గర జరగాల్సిన పని, అది మీదే. 38 లక్షలే ఎందుకిచ్చారో బ్యాంకు రాసిన కాగితం వాళ్లనే అడగండి. కారణం వాళ్ల జీతమైతే మీ వైపు గట్టిది. కారణం మీ పట్టా అయితే జప్తు మాటే ఎత్తకండి.

మీ కాగితాలు శుభ్రంగా ఉన్నాయనుకుని మిగతాది చెబుతాను.

ఫోన్‌లో వాళ్లు వద్దన్నారు కదా అని వెంటనే మరొకరితో బేరం కుదుర్చుకోకండి. పాత అగ్రిమెంటు బతికుండగా కొత్తది రాస్తే మాట తప్పింది మీరవుతారు. స్థిరాస్తి బేరాల్లో మామూలుగా గడువు దాటినంత మాత్రాన ఒప్పందం దానంతటదే చచ్చిపోదు. అందుకే వకీలు చేత నోటీసు పంపండి. మేం సిద్ధంగా ఉన్నాం, 15 రోజుల్లో ఫలానా తేదీన ఉదయం 11 గంటలకు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు మిగతా 53 లక్షలతో రండి, రాకపోతే అగ్రిమెంటు రద్దు, బయానా జప్తు అని అందులో ఉండాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ అయినట్టు చూపే కాగితం దాచుకోండి. అదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టండి. వాళ్లు "మావల్ల కాదు" అని అక్కడ జవాబిస్తే సాక్ష్యంగా అది బాగా పనికొస్తుంది.

ఆ తేదీన నిజంగానే వెళ్లండి. అసలు పట్టా, ఖజానా (భూమి శిస్తు) రసీదు, హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటి పన్ను) రసీదు, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే తాజా ఈసీ, ఆధార్, పాన్ సంచిలో పెట్టుకుని ఇద్దరు సాక్షులతో ఆఫీసు మూసేదాకా ఉండండి. ఆ సాయంత్రమే నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించండి. మీరు సిద్ధంగా ఉన్నారా అన్నదే రేపు కోర్టు అడిగే మొదటి ప్రశ్న.

వాళ్లను బలవంతంగా కొనిపించమని దావా వేసే హక్కు మీకుంది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి చేసిన సవరణ 2018 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక ఆ దారి సులువైంది కూడా. దావా వేయడానికి గడువు మూడేళ్లు. కానీ డబ్బు లేనివాడి మీద డిక్రీ తెచ్చుకుని ఏం చేస్తారు? నా సలహా, ఆ దారి వదిలేయండి.

రాజీకి కూర్చోండి. 2 లక్షలు మీకు, 7 లక్షలు వాళ్లకు అన్న దగ్గర మొదలుపెట్టండి. అయితే 7 లక్షలు రేపే ఇవ్వాల్సిన పనిలేదు. "ఇల్లు తిరిగి అమ్ముడైన 30 రోజుల్లో, లేదా ఆరు నెలల్లో, ఏది ముందైతే అది" అని రాసుకోండి. తిరిగి అమ్మితే 60 లక్షలే వచ్చిందనుకోండి. 2 లక్షల తేడా మీ బయానాతో సరిపోయింది. 58 లక్షలకే పోతే ఆ మిగతా 2 లక్షలు 7 లక్షల్లోంచి మినహాయించుకుంటామని ముందే రాయించండి. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ఇచ్చే నష్టపరిహారం ఈ ధర తేడాయే. మీరు నష్టం తగ్గించుకునే ప్రయత్నం చేయాలని కూడా అదే సెక్షన్ అంటుంది. వచ్చిన ఆఫర్లన్నీ మెసేజ్‌ల రూపంలో దాచండి.

విశాఖ ఫ్లాటు 6 లక్షలు వీళ్ల దగ్గర వసూలు చేద్దామంటే కష్టం. ఈ డబ్బుతోనే అది కొంటున్నారని అగ్రిమెంటు నాటికే వాళ్లకు తెలుసని మీరు చూపించగలగాలి.

రద్దు పత్రం స్టాంపు కాగితం మీద రాసి ఇరువైపులా సంతకాలు చేయాలి. ఈ ఇంటిమీద ఇక హక్కు, క్లెయిమ్ ఏదీ లేదన్న వాక్యం తప్పనిసరి. అసలు అగ్రిమెంటు, వాళ్ల బ్యాంకుకు ఇచ్చిన మీ పట్టా నకళ్లు వెనక్కి తీసుకోండి. అగ్రిమెంటు రిజిస్టరై ఉంటే రద్దు కూడా రిజిస్టరు కావాలి. లేకపోతే అది ఈసీలో అలాగే కనబడుతూ తర్వాత వచ్చే కొనుగోలుదారు బ్యాంకును భయపెడుతుంది. నేను 7 లక్షల మీద పట్టు పట్టొద్దనేది ఇందుకే. వాళ్లు బరంపురం సివిల్ కోర్టులో ఒక్క దావా పడేస్తే చాలు, కేసు నడుస్తున్న ఆస్తిని కొనడానికి ఎవరూ దగ్గరికి రారు.

పన్నుల విషయం. ఉంచుకున్న 2 లక్షలు జప్తు చేసిన ఏడాదిలో ఇతర ఆదాయంగా మీ శ్లాబు ప్రకారం పన్నుకొస్తాయి. మూలధన లాభం కాదు కాబట్టి ఫ్లాటు కొన్నామని మినహాయింపు దొరకదు. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో 41,600 పోయి, చేతిలో మిగిలేది 1,58,400. బేరమాడేటప్పుడు ఈ అంకె గుర్తుంచుకోండి.

బేరం 50 లక్షలు దాటింది కాబట్టి వాళ్లు ప్రతి చెల్లింపులో 1 శాతం పన్ను (టీడీఎస్) కోసి ప్రభుత్వానికి కట్టాలి. పాసుబుక్ చూడండి. 1,98,000, 6,93,000 పడ్డాయా, లేక పూర్తి 2, 7 లక్షలా? కోసి కట్టి ఉంటే ఆ సొమ్ము మీ 26ఏఎస్‌లో (మీ పాన్ మీద జమైన పన్నులు చూపే పట్టికలో) కనబడుతుంది. వాపసుకు సంబంధించిన భాగాన్ని మీరు క్లెయిమ్ చేయకండి, సరిచేయించుకోవడం వాళ్ల పని. అలా కోసి ఉంటే మీరు తిరిగిచ్చేది మీకు ముట్టిన 6,93,000 మాత్రమే. అది కూడా ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే, చెక్కు లేదా ఆర్‌టీజీఎస్ ద్వారా. "చేతికివ్వండి" అన్నా ఒప్పుకోకండి. 20,000 ఆపైన ఆస్తి అడ్వాన్సును నగదుగా తీసుకున్నా, తిరిగిచ్చినా అంతకు అంత జరిమానా పడొచ్చు. 1961 ఆదాయపన్ను చట్టంలో ఇవి 269ఎస్ఎస్, 269టీ సెక్షన్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో నంబర్లు మారాయి, సంగతి అదే.

ఇక విశాఖ. అక్కడ మీరే చివర్లో తప్పుకునే కొనుగోలుదారు కాబోతున్నారు. ఇక్కడ మీరు చదివిన షరతులన్నీ అక్కడ మీ మీదకు తిరుగుతాయి. గడువు దాటకముందే వెళ్లి రెండు మూడు నెలలు పొడిగించమని అడిగి, కాగితం మీద రాయించుకోండి. కొంత వడ్డీ అడిగినా ఇవ్వండి, 6 లక్షలు పోగొట్టుకోవడం కంటే నయం. ఫ్లాటు ముందే రిజిస్టరు చేయించుకుంటే ఒక తేదీ గోడమీద రాసి పెట్టుకోండి: ఆ రోజు నుంచి ఏడాదిలోగా బరంపురం ఇల్లు అమ్ముడవ్వాలి. దాటితే ఆ ఫ్లాటు చూపించి మూలధన లాభం మీద మినహాయింపు అడగలేరు. తక్కువపడిన డబ్బుకు పర్సనల్ లోను కంటే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్టు, ఆ తర్వాత బంగారం లోను చూడండి.

కొత్తగా వచ్చేవాళ్లతో రాసే అగ్రిమెంటులో ముందే ఇచ్చే సొమ్మంతా, ఓ పదో వంతు లోపు, "బయానా" అన్న పేరుతోనే ఉండనివ్వండి. 30 రోజుల్లో బ్యాంకు శాంక్షన్ లెటరు చూపించకపోతే ఇల్లు వేరేవాళ్లకు చూపించుకునే హక్కు మీకుండాలి. తాళంచెవులు మాత్రం రిజిస్ట్రేషన్ అయ్యాకే.