నెట్‌వర్క్ స్విచ్ కొనేముందు పోర్టులు ఎటు వైపు వస్తాయో, గాలి ఎటు పోతుందో తేల్చుకోండి

మీరు అడిగింది: 42యూ ర్యాక్ (యూ అంటే ర్యాక్‌లో ఒక అర ఎత్తు) ఒకటే ఉంది, అందులో 8 సర్వర్లు, కొత్తగా రెండు 48 పోర్టుల 10జీ (సెకనుకి 10 గిగాబిట్ల) స్విచ్‌లు కొంటున్నారు. ఏది తీసుకోవాలి, పైన పెట్టాలా మధ్యలోనా, ఉన్న ఒక్క 2 టన్నుల ఏసీ సరిపోతుందా అని. మోడల్ సంగతి తర్వాత చూద్దాం అండి, ముందు స్విచ్ పోర్టులు (కేబుళ్లు గుచ్చే చోటు) ర్యాక్ ముందు వైపు పెడతారా వెనక వైపు పెడతారా అది చెప్పండి. అది తేలకుండా కొటేషన్ అడగొద్దు, నేను అలాగే అడిగి దెబ్బతిన్నా.

ఆరేడేళ్ల కిందట హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు ఒక ఆఫీసులో చేసేవాణ్ణి, మీలాగే చిన్న సర్వర్ రూమ్. సర్వర్లకి నెట్‌వర్క్ పోర్టులు వెనకే ఉంటాయి కదా, కేబుళ్లు పొట్టిగా సరిపోతాయని స్విచ్‌లు కూడా వెనక్కి తిప్పి బిగించాం, చూడ్డానికి భలే ఉంది, ఫొటో తీసి గ్రూపులో కూడా పెట్టుకున్నాం. మార్చి దాకా ఏం కాలేదు. ఏప్రిల్ చివర్లో ఒక స్విచ్ టెంపరేచర్ అలారం కొట్టడం మొదలెట్టింది. గోడ మీద థర్మామీటర్ చూస్తే 23 డిగ్రీలు. ఏసీ మెకానిక్‌ని పిలిపించాం, గ్యాస్ బానే ఉందన్నాడు, అయినా ఏసీ 18కి తగ్గించాం, మేం స్వెటర్లు వేసుకుని కూర్చున్నాం గానీ స్విచ్ ఫ్యాన్లు మాత్రం విమానం లేస్తున్నట్టు అరుస్తూనే ఉన్నాయి. ఎవరో క్యాంటీన్ నుంచి పెడెస్టల్ ఫ్యాన్ తెచ్చి వెనక తలుపు తీసి పెట్టారు, అది చుట్టూ ఉన్న వేడి గాలినే మళ్లీ స్విచ్ మొహాన కొట్టింది.

చివరికి స్విచ్‌లో షో ఎన్విరాన్‌మెంట్ కమాండ్ కొట్టి చూస్తే ఇన్‌టేక్ (లోపలికి పీల్చే గాలి) సెన్సార్ 41 డిగ్రీలు చూపిస్తోంది. రూమ్ 23 అయితే ఇన్‌టేక్ 41 ఎట్లా అవుద్ది? టిష్యూ పేపర్ ముక్క చింపి పోర్టుల దగ్గర పట్టుకుంటే లోపలికి అతుక్కుపోయింది (ముందు అగరుబత్తి వెలిగిద్దాం అనుకున్నాం, పైన స్మోక్ డిటెక్టర్ గుర్తొచ్చి ఆగాం). అంటే స్విచ్ పోర్టుల వైపు నుంచి గాలి పీల్చి ఫ్యాన్ల వైపు వదులుతోంది. మా పోర్టులేమో సర్వర్ల వేడి మొత్తం వచ్చి పడే వైపు ఉన్నాయి. సర్వర్లు వదిలిన గాలే స్విచ్ పీలుస్తోంది, పైగా దాని వేడి గాలి ర్యాక్ లోపల ముందుకి తిరిగి పై సర్వర్లకి వెళ్తోంది. తప్పు స్విచ్‌ది కాదు, ఆర్డర్ పెట్టినప్పుడు ఎయిర్‌ఫ్లో (గాలి ఎటు నుంచి ఎటు పోతుంది) అనే మాటే మేం అడగలేదు, అమ్మినాయన కూడా అడగలేదు.

డేటా సెంటర్ స్విచ్‌లు చాలావరకు గాలి దిక్కుని బట్టి రెండు రకాల్లో దొరుకుతాయి, పార్ట్ నంబర్‌లో ఒకట్రెండు అక్షరాలే తేడా. సిస్కో నెక్సస్ 9000లో ఫ్యాన్ ట్రేల (ఊడదీసి మార్చుకునే ఫ్యాన్ పెట్టెలు) రంగు చూస్తే తెలిసిపోద్ది: మెరూన్ రంగు అయితే పోర్టుల వైపు పీలుస్తుంది, నీలం అయితే పోర్టుల వైపు వదులుతుంది. గుర్తుపెట్టుకోవడం తేలికే, నీలం ఉన్న చివర చల్లటి వైపు ఉండాలి, మెరూన్ ఉన్న చివర వేడి వైపు ఉండాలి, అంతే. జునిపర్ వాళ్లు ఏఎఫ్ఐ (ఫ్యాన్ల వైపు నుంచి గాలి లోపలికి), ఏఎఫ్ఓ (ఫ్యాన్ల వైపు నుంచి బయటికి) అని రాస్తారు, డెల్ వాళ్లు ఐఓ టు పీఎస్‌యూ, పీఎస్‌యూ టు ఐఓ అంటారు (ఐఓ అంటే పోర్టుల వైపు, పీఎస్‌యూ అంటే పవర్ సప్లై వైపు). మీ స్విచ్ సర్వర్ల వెనక వైపు పోర్టులతో కూర్చుంటే మీకు కావాల్సింది నీలం రకం.

మేం చేసిన రెండో తప్పు, గాలి దిక్కు మార్చడానికి రెండో రకం ఫ్యాన్ ట్రేలు మాత్రమే ఆర్డర్ పెట్టాం. పవర్ సప్లైలో కూడా ఫ్యాన్ ఉంటుందిగా, దానికీ దిక్కు ఉంటుంది. రెండు దిక్కులు కలిసిపోతే చాలా మోడళ్లు అలారం ఇచ్చి చివరికి ఆగిపోతాయి. అందుకని పవర్ సప్లైలు కూడా తెప్పించి, ఆదివారం రాత్రి డౌన్‌టైమ్ తీసుకుని అన్నీ ఒకేసారి మార్చాం. ఖర్చు బిల్లు మేనేజర్‌కి చూపించినప్పుడు ఆయన మొహం ఇంకా గుర్తుంది. ఫ్యాన్లు లోపలే ఫిక్స్ అయి ఉండే చవక మోడళ్లకి ఈ అవకాశం కూడా ఉండదు.

మార్చాక 41 కాస్తా 33కి దిగింది, మేం అనుకున్న 25 కాదు. ఎందుకంటే స్విచ్ పొడవు 45 సెంటీమీటర్లు, ర్యాక్ ముందు పోస్టు (నిలువు కడ్డీ) నుంచి వెనక పోస్టుకి 74. పోర్టులు వెనక పోస్టుకి బిగిస్తే పీల్చే చివర ర్యాక్ మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది, ముందున్న చల్లగాలి దానిదాకా రాదు. దీనికి ఎయిర్ డక్ట్ అని రేకు సొరంగం లాంటిది దొరుకుతుంది, స్విచ్ ముందు 1యూలోనే కూర్చుంటుంది, అది పెట్టాక 26కి వచ్చింది. ఇంకోటి, ఇలా తిప్పి పెడితే పవర్ సాకెట్లు ముందు వైపుకి వస్తాయి, పీడీయూ (ర్యాక్‌కి కరెంటిచ్చే సాకెట్ల పట్టీ) ఏమో వెనక ఉంటుంది, డబ్బాలో వచ్చే తీగ చాలదు, 2 మీటర్లవి ముందే తెచ్చుకోండి, లేదంటే రాత్రి 11కి ఏ షాపూ ఉండదు.

ఖాళీ యూలన్నిటికీ బ్లాంకింగ్ ప్యానెళ్లు (ఖాళీ అర మూసే పలకలు) వేయండి. ప్లాస్టిక్‌వి చవకే, టక్కున నొక్కితే కూర్చుంటాయి. అవి లేకపోతే వెనకాల వేడి ఆ కంతల్లోంచి ముందుకి వస్తుంది, మీరు ఏసీ ఎంత తగ్గించినా అంతే. అట్టముక్కలూ టేపూ పెట్టకండి, మేం రెండు వారాలు పెట్టాం, దుమ్ము రాలింది, పైగా అట్ట అంటే నిప్పంటుకునే వస్తువు.

పైనా మధ్యనా అంటే ఒక్క ర్యాక్‌కి పెద్ద తేడా ఏం లేదు, నేనైతే పైనే పెడతా, పైకి పోయే కేబుళ్లకి సులువు. కానీ ర్యాక్‌లో పైభాగమే ఎక్కువ వేడిగా ఉంటుంది కాబట్టి థర్మామీటర్ గోడకి కాదు, స్విచ్ పీల్చే చోట పెట్టండి. ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) వాళ్లు చెప్పే 18 నుంచి 27 డిగ్రీలు కూడా లోపలికి పోయే గాలికే, రూమ్ మధ్యలో గాలికి కాదు. స్విచ్ ఒక చివర ఉండే బిగింపు చెవులు మాత్రమే బిగించి వదిలేయకండి, బరువు స్విచ్ అయితే వెనక వంగుతుంది, రెయిల్స్ నాలుగు పోస్టులకీ వేయండి. ఎర్త్ తీగ కూడా.

ఎవరైనా పాత సిస్కో 6509 స్విచ్ చవగ్గా ఇస్తానంటే ఒకసారి ఆలోచించుకోండి, అది పక్క నుంచి పక్కకి ఊదుతుంది, ఇలాంటివి రెండు పక్కపక్క ర్యాకుల్లో పెడితే ఒకదాని వేడి గాలి ఇంకోదానికి పోతుంది.

మోడల్ విషయానికొస్తే, సర్వర్లు అదే ర్యాక్‌లో ఉన్నాయి కాబట్టి 10జీ కాపర్ (మామూలు లాన్ కేబుల్ గుచ్చే రకం) జోలికి పోకుండా ఎస్ఎఫ్‌పీ ప్లస్ (మాడ్యూల్ గుచ్చే రకం) పోర్టుల స్విచ్ తీసుకుని డాక్ కేబుళ్లు (రెండు చివర్లా మాడ్యూల్ బిగించే వచ్చే పొట్టి కేబుళ్లు) వాడండి. డాక్‌కి కరెంటు దాదాపు ఏం ఖర్చవదు, అదే పోర్టులో కాపర్ మాడ్యూల్ పెడితే ఒక్కోటి 2 వాట్లు దాటుతుంది, వేలు పెడితే చురుక్కుమంటుంది, పక్కపక్క పోర్టుల్లో పెట్టొద్దని కొన్ని కంపెనీలే చెప్తాయి.

ఏసీ లెక్క: సర్వర్ ఒక్కోటి 400 వాట్లు అనుకుంటే 3200, స్విచ్‌లు రెండూ ఇంకో 400 వేసుకోండి, మొత్తం 3.6 కిలోవాట్లు. 1 టన్ను ఏసీ లాగే వేడి దాదాపు 3.5 కిలోవాట్లు. లెక్క ప్రకారం మీ 2 టన్నులు చాలు. కానీ అది ఒక్కటే ఉండటమే నాకు నచ్చట్లేదు, 1.5 టన్నులవి రెండు పెట్టి టైమర్‌తో మార్చి మార్చి నడపండి, ఒకటి పోయినా రెండోది లాగుతుంది. ర్యాక్ నెత్తి మీద మాత్రం స్ప్లిట్ ఏసీ పెట్టకండి, ఏదో ఒకరోజు నీళ్లు కారుతుంది.

కరెంటు పోయి వచ్చాక మీ ఏసీ తనంతట తాను ఆన్ అవుతుందా? స్విచ్‌లూ సర్వర్లూ యూపీఎస్ మీద హాయిగా నడుస్తుంటాయి, ఏసీ మాత్రం ఎవరో వచ్చి రిమోట్ నొక్కేదాకా పడుకునే ఉంటుంది. మాకు ఒక శనివారం రాత్రి అదే జరిగింది, సోమవారం పొద్దున తలుపు తీస్తే ఆవిరి కుడుముల గిన్నె మూత తీసినట్టుంది. ఈ వారమే ఏసీ ఎంసీబీ దించి, రెండు నిమిషాలాగి ఎక్కించి చూడండి. స్విచ్‌లు ఆర్డర్ పెట్టేముందు పూర్తి పార్ట్ నంబర్ ఇక్కడ పెడితే ఎటు పీలుస్తుందో చూసి చెప్తా.