ఊరు మారాలా, ఇల్లు మారాలా?

ప్రశ్న: పదకొండేళ్లుగా మేమిద్దరం ఈ మహానగరంలోనే ఉద్యోగాలు చేసుకుంటున్నాం. మావారు ఒక నిర్మాణ సంస్థలో ఎస్టిమేట్లు వేసేవారు. మాంద్యం వచ్చి కొత్త కట్టడాలు ఆగిపోవడంతో రెండు నెలల క్రితం ఆయన ఉద్యోగం పోయింది. నేను అకౌంట్స్‌లో ఉన్నాను. నా ఒక్క జీతంతో గడవడం లేదు, దాచుకున్నది కరిగిపోతోంది. అత్తమామలు ఉండే చిన్న పట్టణానికి వెళ్లిపోతే అద్దె బాధ ఉండదు. అక్కడ మావారి స్నేహితుడొకరు పని ఇప్పిస్తానంటున్నారు. పాప మూడో తరగతి. వెళ్లిపోవడమే మంచిదా? ఒకసారి వెళ్తే మళ్లీ రాగలమా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం కంటే మీరు దాంతోపాటు పంపిన ఖర్చుల కాగితాన్నే ఎక్కువసేపు చూశాను. పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్లీ రాశారు. ‘ఇతర ఖర్చులు’ అన్నచోట రెండుసార్లు కొట్టేసి పెద్ద అంకె వేశారు. ఇంత కష్టంలోనూ లెక్క దాచుకోకుండా రాశారంటే సగం పని అయినట్టే. ఆ కాగితాన్ని ముందు పెట్టుకునే మాట్లాడుకుందాం.

మీ అసలు మొత్తాలు ఇక్కడ రాయను. ఇద్దరూ సంపాదించిన రోజుల్లో నెలకు ఇంటికి వచ్చినదాన్ని 100 అనుకుందాం. అందులో మీ జీతం 45, మీవారిది 55. ఇప్పుడు వస్తున్నది 45 మాత్రమే. ఖర్చులు చూస్తే అద్దె 30, పాప స్కూలు 9, కారు ఈఎంఐ 12, మిగతావన్నీ కలిపి 22. మొత్తం 73. అంటే నెలనెలా 28 పొదుపులోంచి తీస్తున్నారు. పొదుపు 210 ఉంది. ఈ లెక్కన ఏడున్నర నెలలు లాగొచ్చని మీరు కాగితం కింద రాసుకున్నారు.

ఆ ఏడున్నర నెలల్ని నమ్ముకోకండి. ఊరు వదలాలన్నా డబ్బు కావాలి. సామాను లారీ, అక్కడ పాప అడ్మిషన్, ఇక్కడ నోటీసు కాలానికి కట్టాల్సిన అద్దె, వెళ్లాక జీతం లేకుండా గడిచే మొదటి నెల, ఇవన్నీ కలిపితే మీకు 50 దాకా అవుతుంది. ఇంటి అడ్వాన్స్ తిరిగి వస్తుంది కదా అంటారేమో. అది చేతికి వచ్చేదాకా లెక్కలో వేయకండి.

ఈ విషయం ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2009లో నేనూ ఒక పెద్ద నగరం వదిలి వచ్చాను. వచ్చే నెల పరిస్థితి బాగుపడుతుంది, ఆ పై నెల బాగుపడుతుంది అనుకుంటూ పొదుపు అడుగంటేదాకా ఆగాను. చివరికి లారీ కిరాయి క్రెడిట్ కార్డు మీద కట్టాను. మంచం విప్పుతుంటే ఇంటి యజమాని వచ్చి, గోడకు పడ్డ మేకుల రంధ్రాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి అడ్వాన్స్‌లోంచి కోసుకున్నారు. ఆ కార్డు బాకీ తీర్చడానికి ఏడాదిన్నర పట్టింది. వెళ్లినందుకు నేనెప్పుడూ బాధపడలేదు. చేతిలో డబ్బు ఉండగా వెళ్లనందుకు చాలా బాధపడ్డాను.

అందుకే మొదటి పని, ఆ 50ని ఈరోజే వేరే ఖాతాలోకి మార్చేయండి. వెళ్లినా వెళ్లకపోయినా దాన్ని ముట్టుకోకండి. మిగిలిన 160ని 28తో భాగిస్తే ఆరు నెలలకు కాస్త తక్కువ. మీకు నిజంగా ఉన్న గడువు అంతే.

అంతలోపు మాంద్యం పోదా అని అడగొచ్చు. పోవచ్చు, కానీ మీ లెక్కను దాని మీద ఆధారపెట్టలేం. 2008 నాటి మాంద్యాన్నే తీసుకోండి. అమెరికాలో అది అధికారిక లెక్కల ప్రకారం 2007 డిసెంబరులో మొదలై 2009 జూన్‌లో ముగిసింది, అంటే 18 నెలలు. నిరుద్యోగం మాత్రం ఆ తర్వాత కూడా పెరిగి 2009 అక్టోబరులో 10 శాతానికి చేరింది. మాంద్యం మొదలైనప్పుడున్న 5 శాతానికి మళ్లీ దిగేసరికి 2015 చివరికొచ్చింది. 2020లో మాంద్యం అక్కడ రెండు నెలల్లోనే ముగిసిపోయింది కూడా. ఏది ఎలా ఉంటుందో ముందు తెలియదు. పేపర్లో ‘కోలుకుంటున్న ఆర్థిక వ్యవస్థ’ అని శీర్షిక వచ్చినంత మాత్రాన కంపెనీలు మర్నాడే మనుషుల్ని తీసుకోవు. ఉన్నవాళ్లతోనే ఎక్కువ గంటలు చేయించుకుంటాయి, ఆర్డర్లు నిలబడతాయని నమ్మకం కుదిరాకే కొత్తవాళ్లను పిలుస్తాయి. మీవారి నిర్మాణ రంగంలో ఈ ఆలస్యం ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు ఆ చిన్న పట్టణం లెక్క చూద్దాం. అక్కడ అద్దె లేదు. స్కూలు 5, ఈఎంఐ అదే 12, అత్తమామల ఇంట్లో మీ వాటాతో కలిపి మిగతావి 18. మొత్తం 35. 73 ఎక్కడ, 35 ఎక్కడ అనిపిస్తుంది. కానీ మీరు వెళ్తే మీ 45 ఆగిపోతుంది. స్నేహితుడు ఇప్పిస్తానన్న పనికి 20 వస్తుందని రాశారు. అంటే అక్కడ కూడా నెలకు 15 తక్కువ పడుతుంది. ఆ పని కుదరకపోతే నెలకు 35 పొదుపులోంచి పోతుంది. ఇక్కడ తీస్తున్న 28 కంటే ఎక్కువ! 160 ఉంటే నాలుగున్నర నెలలు. అద్దె తప్పించుకుందామని వెళ్లి, ఇక్కడికంటే ముందే ఖాళీ అయిపోతారు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. అద్దె నెలనెలా కళ్లముందు కనబడుతుంది, నొప్పి పెడుతుంది. జీతం అలవాటైపోయి ఉంటుంది కాబట్టి వదులుకునేది ఎంతో కనబడదు. మాంద్యంలో కదలకుండా ఉన్న ఒక జీతం కుటుంబానికి వెన్నెముక. పైగా మీ ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా ముగ్గురికీ వర్తిస్తోందని రాశారు. ఉద్యోగం మానేస్తే అది కూడా పోతుంది. విడిగా కొనుక్కుంటే ఎంతవుతుందో ఆ 35లో మీరు కలపలేదు.

కాబట్టి అన్నిటికంటే ముందు మీ మేనేజర్ని అడగాల్సినది ఒకటుంది. ‘నేను వేరే ఊరి నుంచి ఇదే పని చేయవచ్చా?’ అకౌంట్స్ పనిలో చాలా భాగం కంప్యూటర్ మీదే జరుగుతుంది కదా. ఒప్పుకుంటే మీ కథే మారిపోతుంది. అక్కడి ఖర్చు 35, మీ జీతం 45. మీవారికి ఏ పనీ దొరకకపోయినా నెలకు 10 మిగులుతుంది. జీతం కొంత తగ్గిస్తామన్నా, 36 వరకు తగ్గినా మునిగిపోరు. అయితే నోటిమాట మీద సామాను సర్దకండి. ఎన్నాళ్ల వరకు, ఎంత జీతానికి, ఆఫీసుకు ఎన్నిసార్లు రావాలి అన్నది మెయిల్‌లో రాయించుకోండి. ఇది దొరికితే రెండో ఆలోచన లేకుండా వెళ్లండి.

ఒప్పుకోకపోతే? అప్పుడు నా సలహా, ఊరు మారకముందు ఇల్లు మారండి. మీ అద్దె, ఇప్పుడొస్తున్న ఆదాయంలో మూడింట రెండొంతులు. ఇద్దరు సంపాదించినప్పుడు తీసుకున్న ఇల్లది. ఒక జీతానికి అది మోయలేని బరువు. ముందు ప్రస్తుత యజమానితోనే మాట్లాడండి. మాంద్యంలో ఖాళీ ఇల్లు ఆయనకూ నష్టమే, పదకొండేళ్లలో ఒక్క నెల అద్దె ఆలస్యం చేయని కుటుంబాన్ని వదులుకోవడం ఆయనకు సులువేం కాదు. తగ్గించకపోతే పాప స్కూలు బస్సు వచ్చే దారిలోనే 20కి దొరికే చిన్న ఇల్లు చూడండి. మారడానికి 15 ఖర్చయినా పొదుపు 145 ఉంటుంది, నెలవారీ లోటు 18కి దిగుతుంది. అప్పుడు గడువు ఎనిమిది నెలలు. స్నేహితుడి పని కుదిరినా ఆ పట్టణంలో పడే లోటు 15 కదా, ఇక్కడ 18. నెలకు ఆ మూడు మిగల్చడం కోసం 45 జీతాన్ని వదులుకోవడం నాకు సరైన పనిగా కనిపించడం లేదు.

కారు సంగతి మీరు ఉత్తరంలో ఎక్కడా ఎత్తలేదు. కాగితంలో మాత్రం 12 అని ఉంది. ఉన్న జీతంలో నాలుగో వంతు పైనే. మీవారు ఇష్టపడి కొనుక్కున్నారేమో, అడగడానికి మీకు మనసొప్పకపోయి ఉండవచ్చు. నేను అడుగుతున్నాను. అమ్మితే ఎంత వస్తుందో ఇద్దరు ముగ్గురి దగ్గర ధర తెలుసుకోండి, బ్యాంకులో ఇంకా ఎంత బాకీ ఉందో రాయించుకోండి. అమ్మిన ధర బాకీకి 10 తక్కువొచ్చినా అమ్మేయండి. ప్రయాణాలకు నెలకు 3 పోయినా 9 మిగులుతుంది, ఆ నష్టం నెలా పది రోజుల లోపే తిరిగొచ్చేస్తుంది. అప్పుడు మీ లోటు 18 కాదు, 9. పొదుపులోంచి 10 పోయినా పదిహేను నెలలు నిలబడగలరు. ఊరు మారినా ఈఎంఐ మీ వెంటే వస్తుంది కాబట్టి వెళ్లినా ఉన్నా చేయాల్సిన పని ఇది.

ఇక మీవారి ఉద్యోగం. స్నేహితుడి మాటను తేలిగ్గా తీసుకోవడం లేదు, కానీ ‘ఇప్పిస్తాను’ వేరు, ‘ఫలానా తేదీన చేరండి’ వేరు. ఆయన్ని ఒంటరిగా రెండు వారాలు పంపండి. అక్కడ పని ఎవరి దగ్గర, జీతం ఎవరిస్తారు, ఆ ఊరు దేని మీద బతుకుతోంది, అన్నీ కళ్లారా చూసి రమ్మనండి. ఒకే పరిశ్రమ మీద బతికే ఊళ్లో ఆ పరిశ్రమ పడితే ఊరంతా పడుతుంది. కార్ల తయారీకి పేరుపడ్డ అమెరికా నగరం డెట్రాయిట్‌లో 1950లో పద్దెనిమిదిన్నర లక్షల మంది ఉండేవారు, 2010 నాటికి ఏడు లక్షల పైచిలుకు మిగిలారు. పెద్ద నగరంలో ఒక రంగం పడిపోయినా ఆస్పత్రులో, రవాణాయో, ప్రభుత్వ పనులో నడుస్తుంటాయి. ఎస్టిమేట్లు వేయడం తెలిసిన మనిషికి కొత్త కట్టడాలే దిక్కు కాదు. పాత భవనాల మరమ్మతులు, బీమా నష్టాల అంచనా, బ్యాంకుల కోసం ఆస్తుల విలువ కట్టడం, వీటన్నిటికీ ఆ లెక్కే కావాలి.

ఉద్యోగం పోయాక ఆయన ఎవరినీ కలవడం లేదని రాశారు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ వాక్యమే. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన ఒక పరిశోధనలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించిన వారిని, ఆ తెలిసిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచూ కలిసేవాళ్లం అన్నది దాదాపు 17 శాతం మందే. మిగతా అందరికీ అప్పుడప్పుడో అరుదుగానో కలిసే మనుషుల ద్వారానే పని దొరికింది. దగ్గరివాళ్లకు తెలిసినవి మనకూ తెలుసు, దూరపు పరిచయాలకే మనకు తెలియని ఖాళీలు తెలుస్తాయి. పాత సైట్ ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, పదేళ్ల క్రితం పక్క సీటులో కూర్చున్నవాళ్లు, రోజుకు ఇద్దరికి ఆయన్ని ఫోన్ చేయమనండి. ఈ పరిచయాలన్నీ ఉన్న చోటు ఈ నగరమే. ఇక్కడ ఉండాలని నేననడానికి మీ జీతం తర్వాత రెండో కారణం ఇదే.

మరి ఎప్పటిదాకా? తేదీ వేసుకోండి. పాప విద్యా సంవత్సరం పూర్తవడానికి ఏడు నెలలుందన్నారు, అదే మీ తేదీ. అప్పటికి మీవారికి కనీసం 20 వచ్చే ఏ పనైనా కుదిరితే ఉండిపోండి. కుదరకపోతే, పక్కన పెట్టిన 50తో, ఎవరికీ బాకీ లేకుండా వెళ్లండి. ఈలోపు మీ ఉద్యోగానికి కూడా ముప్పు వస్తే ఆ తేదీ కోసం ఆగొద్దు, ఆ నెలే బయల్దేరండి. క్రెడిట్ కార్డుతో ఇల్లు నడపడం, రిటైర్మెంట్ డబ్బు తీయడం, ఈ రెండూ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

వెళ్తే మళ్లీ రాగలమా అన్నారు. ఇల్లూ ఊరూ మారినా పదకొండేళ్ల పని మీ చేతుల్లోనే ఉంటుంది. స్పెయిన్‌లో ఉద్యోగుల రికార్డులు పరిశీలించిన ఆర్థికవేత్తలు, పెద్ద నగరంలో సంపాదించిన అనుభవానికి చిన్న ఊళ్లకు వెళ్లాక కూడా విలువ చాలావరకు నిలిచే ఉంటుందని తేల్చారు. వెళ్లాల్సి వస్తే తలదించుకుని వెళ్లకండి. నేను మూడేళ్ల తర్వాత తిరిగొచ్చాను, అప్పటికి నా పాత ఫోన్ నంబర్లే నాకు దారి చూపించాయి.

ఈ వారంలో మేనేజర్తో మాట్లాడండి, కారు ధర కనుక్కోండి. ఆ రెండు జవాబులూ రాగానే నాకు రాసి పంపండి. కొత్త అంకెలతో ఈ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి వేద్దాం.