పని అప్పగించిన తేదీని గట్టిగా పట్టుకోండి

ప్రశ్న: నేను సంస్థలకు వార్షిక నివేదికలు, బ్రోచర్లు, వెబ్‌సైట్ వ్యాసాలు రాసిస్తుంటాను. బంజారాహిల్స్‌లోని ఒక కంపెనీ రూ.2.40 లక్షలు బాకీ పడి, పని అప్పగించిన రెండేళ్ల పది నెలల తర్వాత కూడా ‘వచ్చే నెల’ అంటూ తిప్పుకుంటోంది. నాన్నగారి వైద్యానికని ప్రాధేయపడినా కనికరించలేదు. ఒప్పందం రాసుకోలేదు. వారి వెబ్‌సైట్ పాస్‌వర్డ్ ఇంకా నా దగ్గరే ఉంది. నేను రాసినదంతా తొలగించవచ్చా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: తొలగించకూడదు. ఆ పాస్‌వర్డ్‌ను ఇకపై ముట్టుకోవద్దు. అనుమతి లేకుండా ఇతరుల వెబ్‌సైట్‌లోని సమాచారాన్ని దురుద్దేశంతో చెరిపివేస్తే సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా పడవచ్చు. అప్పుడు బాకీ పడిన కంపెనీ ఫిర్యాదుదారు అవుతుంది, సొమ్ము రావలసిన మీరు ముద్దాయి అవుతారు.

మీ కేసును తేల్చేది కాలపరిమితి. చెల్లింపుకు గడువు విడిగా అనుకోనప్పుడు, పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లలోగా దావా వేయాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం చెబుతోంది. అంటే మీ చేతిలో మిగిలింది రెండు నెలలు. ఫోన్‌లో ‘ఇస్తాం’ అన్నంత మాత్రాన గడువు పెరగదు, లీగల్ నోటీసు పంపినా ఆగదు. ఈ లోగా బాకీని ఒప్పుకుంటూ వారు సంతకంతో రాసిస్తేనో, కొంత సొమ్ము చెల్లించి ఆ సంగతి సంతకంతో నమోదు చేస్తేనో కొత్తగా మూడేళ్లు లెక్కకు వస్తాయి.

ఇంత సొమ్ము పనిని కాగితం ముక్క లేకుండా ఒప్పుకోవడం, రాయడమే వృత్తిగా ఉన్న మీరు చేయకూడని అజాగ్రత్త. అయినా రుజువు చేయగలిగితే నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది. మీరు పంపిన పత్రాల్లో అన్నిటికంటే విలువైనది, మేనేజరు చిత్తుప్రతిలో ఎర్ర అక్షరాలతో దిద్దుబాట్లు చేసి, ‘చైర్మన్ సందేశం ఇంకా కుదించండి’ అని రాసి తిప్పిపంపిన ఈమెయిల్. పని వారు అడిగితేనే చేశారనీ, అది వారికి అందిందనీ చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. దాన్ని ప్రింటు తీసి ఊరుకోకండి. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం, ఆ ప్రింటును ఏ పరికరం నుంచి ఎలా తీశారో తెలిపే ధ్రువపత్రం జతచేయాలి. అసలు మెయిల్‌ను, వాట్సాప్ సంభాషణలున్న ఫోన్‌ను అలాగే భద్రపరచండి.

మీరు వారి ఉద్యోగి కారు, హక్కులు సంతకంతో రాసివ్వలేదు. కనుక రచనపై కాపీరైటు మీదే. ఈ సంగతిని మీరు పంపబోయే లీగల్ నోటీసులో పెట్టించండి.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపి, స్పందన లేకుంటే వెంటనే సిటీ సివిల్ కోర్టులో దావా వేయండి. సొమ్ము రూ.3 లక్షల లోపే కనుక వాణిజ్య కోర్టు నిబంధనల ప్రకారం దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లనక్కర్లేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం ఉంది కాబట్టి న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోండి. అక్కడ రాజీ మాటలు నడుస్తున్నా దావా వేయాల్సిన గడువును మాత్రం దాటనివ్వవద్దు.