విజయవాడ నుంచి కురుసుర సబ్‌మెరైన్ చూడ్డానికి వైజాగ్ దాకా వెళ్లడం దండగా?

ఇరవై నిమిషాల్లో అయిపోయేదానికి అంతదూరం ఎందుకని మీవాళ్లు అంటున్నారని రాశారు. ఇరవై నిమిషాల్లో బయటికొచ్చినవాళ్లు సెల్ఫీలు దిగొచ్చారంతే, చూడలేదు.

మేం గుంటూరు నుంచి అమ్మని వెంటబెట్టుకుని వెళ్లాం. ఆర్కే బీచ్‌లో కాళ్లు తడుపుకుంటే చాలదా, ఈ ఇనప గొట్టంలో దూరడమెందుకని ఆవిడ సణుగుడు. పొడవు 91 మీటర్లు, లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒత్తిగిలాల్సిందే. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంత. దాని ముందు అమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నిలబడిపోయింది. వెనక లైనంతా ఆగింది. అక్కడ వివరం చెప్పేది నేవీలో చేసి రిటైరైనవాళ్లు. ఒకాయన "ముందు కాలు పెట్టండమ్మా, తల వంచండి" అని దాటించాడు.

దాటగానే అమ్మ టార్పెడోల వంక కూడా చూడలేదు. "వంటిల్లేదీ?" అంది. చూపించాడు. ఒక మనిషి నిలబడితే నిండిపోయేంత చోటు.

"ఇందులో డెబ్బై అయిదు మందికి వండేవాళ్లా! మరి తిరగమోత ఘాటు ఎటు పోతుంది?"

"ఎటూ పోదమ్మా. డీజిల్ వాసనతో కలిపి అందరం పీల్చడమే."

అక్కణ్నుంచి ఆయనకి హుషారొచ్చింది. నీళ్లలో మునిగాక డీజిల్ ఇంజన్లు నడపడానికి గాలి చాలదని, అప్పుడంతా బ్యాటరీలేనని, అవి చార్జి చేసుకోవడానికి పైకి రాక తప్పదని చెప్పాడు. 1971 యుద్ధంలో ఇది గస్తీ తిరిగిందట. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, 2002లో మ్యూజియమైంది. ఈ ముక్కలన్నీ ఫోనులోనూ దొరుకుతాయి, తిరగమోత సంగతి దొరకదు. ఈలోగా వెనక కుర్రాళ్లు "జరగండి ఆంటీ, జరగండి" అని ఒకటే గోల. టికెట్టు మేమూ కొన్నాం నాయనా!

అసలు నా బాధ వేరే. బెజవాడకి డెబ్బై కిలోమీటర్లలో బందరు (మచిలీపట్నం) ఉంది. 1611లోనే ఇంగ్లీషువాళ్లు వర్తకానికి కోఠీ పెట్టిన రేవు, 1864 తుపానులో వేలమంది పోయిన ఊరు. డచ్చివాళ్ల సమాధుల మీద చెక్కడాలు ఇప్పటికీ ఉన్నాయి. మేం వెళ్లినరోజు వాటి గురించి చెప్పే మనిషే కనపడలేదు. అలాంటి రిటైరైన పెద్దమనిషిని ఒక్కణ్ని అక్కడ కుర్చీ వేసి కూర్చోబెడితే బెజవాడ పిల్లలు వైజాగ్ దాకా పోనక్కర్లేదు.

సరే, మీరు వెళ్లండి. పొద్దున్నే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు. సోమవారం మాత్రం వద్దు, సెలవు. వీలైతే మీ అమ్మగారినీ తీసుకెళ్లండి, పిల్లలు అడగని ప్రశ్నలు అడుగుతారు.